పాత పడుగు కొస అచ్చులోనే ఉంచుకుందాం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



సంఘం పనుల గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచినారు. నూలు ధర, రావాల్సిన రిబేటు, బీరువాలో మిగిలిపోయిన చీరలు, ఇవన్నీ మీకూ తెలిసినవే. అవే మళ్లీ చెప్తే మీరు గడియారం చూసుకుంటారు. అందుకని ఈసారి వేరే సంగతి చెప్తాము. పోయిన మాఘమాసంలో మా ఊరి నేతవాళ్లం ముప్పై ఎనిమిది మందిమి గోదావరి మీద లాంచీలో పాపికొండలకు పోయి వచ్చినాము. ఆ ప్రయాణం ఆఖర్న మాకు తట్టిన ఒక ఆలోచన, దానితో పాటు మేము చేసిన ఒక తప్పు, ఈ రెండూ ఈ సభలో చెప్పాలని వచ్చినాము.

మనకు నదులు కొత్త కాదు. హోగెనకల్లులో కావేరి మీద పరిసల్ ఎక్కని వాళ్లు మనలో తక్కువ. కావేరిపట్నం పక్కన పారే తెన్‌పెణ్ణైని మన పెద్దలు దక్షిణ పినాకిని అనేవాళ్లు. అది పుట్టేది కర్ణాటకలోని నందికొండల దగ్గర. అక్కడే పుట్టిన ఇంకో ఏరు ఉత్తర పినాకిని. అదే పెన్న. ఆ ఏరు అనంతపురం, కడప మీదుగా పోయి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. మన ఏరు హోసూరు, కృష్ణగిరి మీదుగా వచ్చి కడలూరు దగ్గర కలుస్తుంది. ఒకే కొండ బిడ్డలు ఇద్దరు. ఒకరిని తెలుగు దేశానికి, ఒకరిని తమిళ దేశానికి ఇచ్చినట్టు. మన కుటుంబాల కథ కూడా అదే కదా. విజయనగరం కాలంలోనూ, ఆ తర్వాత నాయకుల కాలంలోనూ ఎంతోమంది తెలుగు నేతవాళ్లు మగ్గం సామాను నెత్తిన పెట్టుకొని దక్షిణానికి దిగినారు. దిగిన చోట వేరు పట్టినారు. తెలుగు మాట్లాడతా తమిళం నేర్చుకున్నారు.

జోలార్‌పేటలో రైలెక్కి రాజమండ్రిలో దిగినాము. సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చున్నాము. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ మా మాటలు కాసేపు విని, "మీదే ఊరండీ? మాట తెలుగే గానీ యాస ఎక్కడిదో తెలీట్లేదు" అనింది. తమిళనాడు అని చెప్పినాము. "అక్కడ కూడా తెలుగోళ్లు ఉన్నారాండీ!" అని ఆశ్చర్యపోయింది. ఆ మాట మనకు అలవాటే. ఇక్కడ మనల్ని తెలుగువాళ్లంటారు, అక్కడికి పోతే అరవవాళ్లంటారు.

ఆమె మా మనవరాలిని దగ్గరికి తీసుకొని, ఏం చదువుతున్నావమ్మా అని అడిగింది. పిల్లకు ప్రశ్న అర్థమైంది. జవాబు మాత్రం తమిళంలో చెప్పింది. ఆమె నవ్వి తల నిమిరింది. మాకు మాత్రం మనసు చివుక్కుమనింది. పిల్ల తప్పేమీ లేదు. బడిలో తమిళం, ఇంగ్లీషు. ఫోన్లో అన్నీ కలగలుపు. ఇంట్లో మేమే పిల్లతో తమిళంలో మాట్లాడతా ఉంటాము. తర్వాత ఆమె మా ఇంటివాళ్ల చీర అంచు పట్టుకొని చూసి, "ఇది మీరు నేసిందేనా?" అని అడిగింది. అవునని చెప్పగానే అరగంట సేపు అంచు గురించి, రంగు గురించి, ఉతికితే ఎట్లుంటుంది అన్నదాని గురించి ఆడవాళ్ల మాటలు తెగలేదు. మాటలో తడబడిన చుట్టరికం గుడ్డ దగ్గర కలిసింది.

తెల్లారి బస్సులో గండి పోచమ్మ గుడి దగ్గరి రేవుకు పోయినాము. లాంచీ ఎక్కక ముందే అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చినారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి యాభై మంది దాకా పోయినారు. ఆ దుఃఖం ఆ రేవులో ఇంకా ఉంది. జాకెట్టు వేసుకోని వాళ్లను సరంగు ఎక్కనివ్వలేదు. మాకు ఆ తాళ్లు ఎక్కడ దూర్చాలో, ఎక్కడ బిగించాలో తెలియక నిలబడి ఉంటే, వెనక నుంచి రెండు చేతులు వచ్చి తాళ్లు లాగి, నూలు పోగు ముడి వేసినట్టు గట్టిగా ముడి వేసినాయి. వెనక్కి తిరిగి చూస్తే మా వీధి చివరింటి బావ. పదకొండేళ్లుగా మాకు, ఆయనకు మాటల్లేవు. ముడి వేసి, ఏమీ మాట్లాడకుండా పోయి ముందు వరసలో కూర్చున్నాడు. దాని కథ తర్వాత చెప్తాము.

లాంచీ కదిలినాక కొంచెం దూరం పోయేసరికి నీళ్లలోంచి చెట్ల మొదళ్లు, కరెంటు స్తంభాలు పైకి కనిపించినాయి. లాంచీలో పనిచేసే ఒక పిల్లోడు ఆ వైపు చెయ్యి చూపి, "మా ఊరు ఇదిగో, ఈ నీళ్ల కింద ఉందండి" అన్నాడు. పోలవరం డ్యాం పనులతో నీళ్లు పైకెక్కి, దేవీపట్నం వైపు ఊళ్లు ఖాళీ అయినాయి. వాళ్లకు వేరేచోట కాలనీలు కట్టి ఇచ్చినారు. ఆ పిల్లోడి ఊరివాళ్లు మూడు కాలనీలకు చెదిరిపోయినారంట. మరి చుట్టరికాలు ఎట్లా అని అడిగినాము. అతను చెప్పిన జవాబు అతని మాటల్లోనే చెప్తాము. "అమ్మోరి పండగ నాడు అందరం ఒక చోటికి చేరతామండి. రానోడి ఇంటికి పండగ మర్నాడు ప్రసాదం పట్టుకెళ్తాం. పట్టుకెళ్లకపోతే వచ్చే ఏడాది ఆడు రాడండి."

ఇరవై ఏళ్లు దాటని పిల్లోడు అంత మాట అన్నాడు. ఊరు మునిగిపోయినా వరస మునిగిపోలేదు, ఎందుకంటే ఎవరో ఒకరు ప్రసాదం పట్టుకొని పోతున్నారు. ఆ మాట మా చెవిలో రోజంతా తిరగతానే ఉండింది.

లాంచీలో మాతో పాటు రాజమండ్రి నుంచి వచ్చిన ఒక రిటైర్డు చరిత్ర మాస్టారు ఉన్నారు. మేము తమిళనాడు నేతవాళ్లమని తెలిసి మా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. "మీరు పరాయివాళ్లమని అనుకుంటున్నారేమో. నన్నయ చేత భారతం తెలుగులో రాయించిన రాజరాజ నరేంద్రుడి తల్లి ఎవరో తెలుసాండీ?" అని మొదలుపెట్టినారు. తంజావూరు పెద్ద గుడి కట్టించిన రాజరాజ చోళుడి కూతురు కుందవ్వను వేంగి రాజు విమలాదిత్యుడికి ఇచ్చినారంట. వాళ్ల కొడుకే రాజరాజ నరేంద్రుడు. ఆయన పెండ్లాడింది రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని. అంటే మేనమామ కూతురిని. మన ఇళ్లలో చేసుకునే మేనరికమే! వాళ్ల కొడుకు కులోత్తుంగుడు 1070లో చోళ సింహాసనం ఎక్కినాడు. గోదావరి ఒడ్డు బిడ్డ కావేరి దేశాన్ని ఏలినాడు. ఇది విని మా ఆడవాళ్లు, "అయితే ఇది మనకు పుట్టిల్లా, అత్తిల్లా?" అని నవ్వుకున్నారు. రెండూ అని మాస్టారు అన్నారు.

గుడ్డ సంగతి కూడా ఆయనే చెప్పినారు. ఈ నది దిగువన యానాం దగ్గర ఇంజరం, నరసాపురం దగ్గర మాధవాయపాలెం అని రెండు ఊళ్లు. ఇంగ్లీషు కంపెనీవాళ్లు అక్కడ కోఠీలు పెట్టి నేతవాళ్ల దగ్గర గుడ్డ కొని ఓడలెక్కించినారు. మాధవాయపాలెం పేరే సీమలో ఒక రకం గుడ్డకు మడపోలం అని పేరైపోయింది. నేసినవాడి పేరు ఎవరికీ తెలియదు, ఊరి పేరు మాత్రం లోకమంతా తిరిగింది.

మధ్యాహ్నానికి రెండు పక్కలా కొండలు దగ్గరైపోయినాయి. పేరంటాలపల్లిలో దిగి శివుడి గుడి చూసినాము. వాగు నీళ్లతో మొహం కడుక్కున్నాము. కొండరెడ్ల వాళ్లు వెదురుతో చేసిన బొమ్మలు, బుట్టలు అమ్ముతున్నారు. మా వాళ్లు బేరం ఆడబోతే మేము ఆపినాము. చేతిపని చేసేవాడి దగ్గర చేతిపని చేసేవాడే బేరమాడితే ఇంక లోకాన్ని ఏమని అడుగుతాము?

తిరుగు ప్రయాణంలో మాస్టారు చెప్పిన ఇంకొక సంగతి మా నిద్ర చెడగొట్టింది. అది సంఘాలు నడిపేవాళ్లందరూ వినాల్సింది.

ఈ గోదావరి పుట్టేది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో. నాసిక్‌లో కొండకు తొలిచిన గుహలు ఉన్నాయి. పాండవలేణి అంటారు. అందులో ఒక గుహలో నహపానుడనే రాజుగారి అల్లుడు ఉషవదాతుడు చెక్కించిన శాసనం ఉంది. ఇప్పటికి సుమారు 1900 ఏళ్ల కిందటిది. ఆ గుహలో వానాకాలం ఉండే బౌద్ధ సన్న్యాసులకు బట్టల కోసం, ఇతర ఖర్చుల కోసం ఆయన 3000 కార్షాపణాలు, అంటే ఆ కాలపు నాణేలు, శాశ్వత నిధిగా పెట్టినాడు. ఎవరి దగ్గర పెట్టినాడో తెలుసా? షావుకారు దగ్గర కాదు, రాజుగారి ఖజానాలో కాదు. గోవర్ధనం అనే ఊళ్లో ఉన్న నేతవాళ్ల సంఘాల దగ్గర! ఒక నేత సంఘంలో 2000, నెలకు నూటికి ఒకటి వడ్డీ. ఇంకొక నేత సంఘంలో 1000, నూటికి ముక్కాలు వడ్డీ. మన భాషలో రూపాయి వడ్డీ, ముప్పావలా వడ్డీ. అసలు ఎప్పటికీ వెనక్కి తీసుకోకూడదు, వడ్డీ మాత్రమే వాడుకోవాలి.

మేము వెంటనే వేళ్ల మీద లెక్క వేసినాము. 2000కి రూపాయి వడ్డీ అంటే నెలకు 20. ఏడాదికి 240. శాసనంలో ఇరవై మంది సన్న్యాసులకు తలా 12 బట్ట ఖర్చు అని ఉందంట. ఇరవై పన్నెండ్లు 240. ఒక్క కాసు ఎక్కువ లేదు, తక్కువ లేదు! ఇంకా ఈ ఒప్పందాన్ని పట్టణం సభలో చదివి వినిపించి, దస్తావేజుల్లో రాయించినారని కూడా ఆ రాతిలో ఉంది. అంటే మన జనరల్ బాడీ, మన మినిట్సు పుస్తకం.

ఆలోచించండి. రాజుగారి అల్లుడు ఎప్పటికీ నిలవాల్సిన సొమ్మును నేతవాళ్ల మాట మీద నమ్మి పెట్టినాడు. మగ్గాలు మాయమవుతాయని గాని, ఆ సంఘం చీలిపోతుందని గాని ఆయన అనుకోలేదు. సహకార సంఘం అనేది సర్కారు మనకు నేర్పిన కొత్త పద్ధతి అని మేము అనుకుంటా ఉంటిమి. కో-ఆప్టెక్స్ పుట్టింది 1935లో. కానీ నేతవాళ్లు కలిసి లెక్క రాసుకొని మాట నిలబెట్టుకోవడం ఎంత పాతదో ఆ రాయి చెప్తా ఉంది.

ఇప్పుడు మా తప్పు చెప్తాము. పదకొండేళ్ల కింద మా సంఘంలో నూలు పంపకం జరిగినప్పుడు, చివరింటి బావ లేచి లెక్కలో తేడా ఉంది అన్నాడు. పుస్తకం రాసింది మేము. నలుగురిలో అడిగినాడని మాకు కోపం వచ్చింది. "మమ్మల్ని దొంగ అంటున్నావా" అని ఎగిరినాము. అంతే, మాటలు తెగినాయి. ఆయన వెంట కొన్ని ఇళ్లు, మా వెంట కొన్ని ఇళ్లు. ఒకే వీధి రెండు వీధులైంది. నాలుగేళ్ల తర్వాత పాత పుస్తకాలు సర్దుతా మళ్లీ కూడి చూస్తే కూడికలో తప్పు మాదే. ఒక పేజీ మొత్తం తర్వాతి పేజీకి ఎత్తి రాయడంలో పొరపాటు. ఎవరూ తినలేదు, ఎవరికీ పోలేదు. కానీ ఆయన చెప్పింది నిజం. ఆ సంగతి తెలిసినాక కూడా ఏడేళ్లు నోరు తెరవలేదు. ఇప్పుడెందుకులే అనుకున్నాము. నిజం చెప్పాలంటే, సెక్రటరీ తప్పు ఒప్పుకుంటే రేపు ప్రతి ఒక్కడూ అడుగుతాడని భయపడినాము.

సాయంత్రం లాంచీ రేవుకు వచ్చింది. ఇంజను ఆపేసినారు. రోజంతా ఉన్న చప్పుడు ఆగిపోయేసరికి ఎవరూ లేవలేదు. ఒడ్డుకు తాడు విసిరినారు, ఒడ్డు మీదివాడు పట్టుకున్నాడు. మేము లేచి ముందు వరసకు పోయి ఆయన పక్కన కూర్చొని, "బావా, ఆ నూలు లెక్క తప్పు మాదే" అని చెప్పినాము. ఆయన జాకెట్టు విప్పుతా కాసేపు నీళ్ల వైపు చూసినాడు. తర్వాత అన్నాడు: "నూలు లెక్క వదిలెయ్యి బావా. ఆ యేడు మా చిన్నదాని పెండ్లికి నువ్వు రాలేదు."

ఇంకేమీ అనలేదు. ఇద్దరం దిగినాము. మాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటా ఉంది. మేము లెక్క గురించి పదకొండేళ్లు తలకిందులైనాము, ఆయన మనసులో ఉన్నది పెండ్లి. లెక్క తప్పు ఒక్క గీతతో దిద్దవచ్చు. ఆ పెండ్లి రోజు మళ్లీ రాదు.

ఆ రాత్రి రైల్లో మాకు తట్టిన సంగతి ఇది. మనకందరికీ తెలిసిన పనితోనే చెప్తాము. మగ్గం మీద పడుగు అయిపోయేటప్పుడు ఏం చేస్తాము? చివరి కొస వరకూ నేయము. అచ్చులో కొంచెం పాత పడుగు అట్లే వదిలిపెడతాము. తర్వాత కొత్త పడుగు తెచ్చి, వేలికి బూడిద అద్దుకొని, పాత కొసకు కొత్త కొసను ఒక్కొక్క పోగే మెలిపెట్టి అతుకుతాము. ఎక్కువగా మన ఆడవాళ్లే చేస్తారు, నడుములు పడిపోతాయి. అయినా అది సులువు. ఎవడైనా తెలియక పాత కొసలు అచ్చులోంచి లాగేస్తే, వేల పోగులు మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కటే అచ్చులో ఎక్కించాలి. రోజులు రోజులు పోతాయి.

చుట్టరికం కూడా అంతే, భాష కూడా అంతే, సంఘం కూడా అంతే. కొత్త పడుగు వద్దని మేము అనడం లేదు. పిల్లలు బెంగుళూరు, చెన్నై పోయి వేరే పని చేస్తే చెయ్యనీండి. మాస్టారు ఇంకొక శాసనం చెప్పినారు. మాళవ దేశంలో మందసోరులో ఉంది. గుజరాతు వైపు లాట దేశం నుంచి వలస వచ్చిన పట్టు నేతవాళ్లు అక్కడ సుమారు క్రీ.శ. 437లో సూర్యుడి గుడి కట్టినారు. వాళ్లలో కొందరు నేత వదిలేసి విలుకాండ్రయినారు, కొందరు జ్యోతిష్యం పట్టినారు. అయినా గుడి కట్టింది సంఘం పేరు మీదే. 36 ఏళ్ల తర్వాత ఆ గుడి పాడైతే బాగు చేసింది కూడా ఆ సంఘమే. నేత వదిలినవాణ్ని వాళ్లు వదల్లేదు. మనమూ వదలకూడదు. కొస అచ్చులో ఉంటే ఎప్పుడైనా అతుక్కోవచ్చు.

అందుకని మా ఊళ్లో మూడు పనులు మొదలుపెట్టినాము. మీకు నచ్చితే మీ ఊళ్లోనూ చేయండి.

మొదటిది, ఆదివారం సాయంత్రం ఒక గంట సంఘం ఆఫీసు వరండాలో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పతా ఉన్నాము. పుస్తకం ఏమిటంటే, వాళ్ల తాతల నేత లెక్కల నోటు పుస్తకాలే. తాత ఏ చీర ఎంతకు అమ్మినాడో చదవాలని పిల్లలకు ఆశ. తమిళం మనకు అన్నం పెట్టే భాష, అది బాగా రావాల్సిందే. తెలుగు కొస మాత్రం తెగకూడదు.

రెండోది, ఏ ఇంట్లో శుభమైనా అశుభమైనా, మాటలు లేని ఇంటికి ముందు పోవడం. రాని వాళ్లకు మర్నాడు ప్రసాదం పట్టుకొని పోవడం. ఇది గోదావరి పిల్లోడు నేర్పించింది. మొదటిసారి పోయేటప్పుడు కాళ్లు బరువుగా ఉంటాయి. రెండోసారికి తేలికవుతుంది.

మూడోది, సంఘం లెక్కలు మూడు నెలలకొకసారి గట్టిగా చదివి వినిపించడం. ఎవరు ఏమడిగినా సెక్రటరీకి కోపం రాకూడదని మేమే తీర్మానంలో రాయించినాము. మొదటి సంతకం చివరింటి బావ పెట్టినాడు. పోయిన నెల ఆయన చిన్నకూతురు బిడ్డతో పుట్టింటికి వచ్చింది. మేము చీర పట్టుకొని పోయినాము. ఆ పిల్ల కాళ్లకు దండం పెట్టి, "పెండ్లికి రాలేదు గాని చీరకు మాత్రం వచ్చినారు మామా" అనింది. అనాల్సిందే. విని కాఫీ తాగి వచ్చినాము.

2027లో గోదావరి పుష్కరాలు వస్తాయి. అప్పటికి మన సమాఖ్యలోని ఊళ్లన్నీ కలిసి ఒకే రైల్లో పోవాలని మా కోరిక. ఆ ఘాట్ మెట్ల మీద ఎవరైనా మన పిల్లల్ని మీదే ఊరని అడిగితే, పిల్లలు తెలుగులోనే, మన యాసలోనే, ధర్మపురి జిల్లా అని చెప్పాలి. ఈ సంచిక ఇప్పుడు ఫోన్లో వస్తుందంట. చదవలేని పిల్లలకు మీరే చదివి వినిపించండి. ఎవరితోనైనా మాటలు తెగి ఉంటే, చదివినాక ఈ సంచికను ముందు వాళ్లకే పంపండి.